పేరు కొట్టిన బిందె

మా తమ్ముడు ఉదయగిరి నుంచి ఫోన్ చేసింది బోరు మోటారు కాలిపోయిన సంగతి చెప్పడానికి. మోటారు గురించీ, దాన్ని బాగుచేసేవాడు పెడుతున్న తిప్పల గురించీ తీరిగ్గా చెప్పి, పెట్టేసే ముందు, "అన్నట్టు అక్కా, కళాయి సాయిబు పోయినాడు, నీకు తెలుసా?" అన్నాడు. నాకెవరు చెప్తారు? ఎప్పుడురా అంటే మొన్న అన్నాడు. ఎట్లా అంటే వయసయిపోయింది గదా అన్నాడు. మోటారు మీద ఉన్న బాధలో పావు వంతు కూడా వాడికి ఆ మనిషి మీద లేదు. నాకు ఒళ్ళు మండింది. ఏది ముందు చెప్పాలో ఏది వెనక చెప్పాలో కూడా తెలియకుండా ఎట్లా పెరిగావురా అని నాలుగు దులిపి ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక కూర్చుని ఏడ్చాను. మా కోడలు వచ్చి, ఎవరత్తయ్యా పోయింది, మనకేమవుతారు అని అడిగింది. ఏమవుతాడని చెప్పను? చుట్టం కాదు, పక్కం కాదు. పోనీ ఆయన పేరేంటి అంది. అదీ తెలియదు. మా నాయన ఆయన్ను తమ్ముడా అని పిలిచేవాడు కాబట్టి నాకు చిన్నాయన అయ్యాడు. మిగతా ఊళ్ళన్నిటికీ కళాయి సాయిబు. స్టీలు కొట్టు పెట్టి కళాయి మానేసిన తర్వాత కూడా కళాయి సాయిబే. ఉదయగిరి నుంచి కలువాయి దాకా ఏ ఇంటి ఆడమనిషి పేరడిగినా చెప్పగలిగిన ఆయన్ను, నీ పేరేమిటని మాలో ఒక్కరం అడిగిన పాపాన పోలేదు.

ఆయన కుడిచేతి చూపుడు వేలికి లావుపాటి వెండి ఉంగరం ఉండేది. ఏ పాత్ర చేతికొచ్చినా దాంతో టంగుమని ఒక దెబ్బ కొట్టి, తల పక్కకు వంచి వినేవాడు. బిందె, చెంబు, తపేళా సరే, బస్సు ఎక్కేటప్పుడు బస్సు తలుపు మీద కూడా కొట్టి వినేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దువ్వెన ఉండేది. తల దువ్వుకోవడం తక్కువే. బేరం ఎటూ తెగనప్పుడు దాన్ని బయటికి తీసి, నిదానంగా మీసం దువ్వుకుంటూ ఎదుటివాళ్ళ మొహం చూసేవాడు. ఎదుటివాళ్ళకు ఓపిక చచ్చి ఒక మెట్టు దిగేవాళ్ళు. నోరు మాత్రం మూతపడేది కాదు. అందులో సగం అబద్ధాలు. మద్రాసులో పెద్ద పెద్ద సినిమావాళ్ళ ఇళ్ళలో ఇదే తపేళాలో పాలు కాస్తారని ఒట్టేసి చెప్పేవాడు. నువ్వు చూశావా చిన్నాయనా అంటే, "పొంగింది గూడా చూసినా పాపా" అనేవాడు.

నాకు ఊహ తెలిసేటప్పటికి ఆయన భుజాన సంచీ, సంచీలో కొలిమి తిత్తి. అరవైల్లో ఉదయగిరిలో మా వీధి చివర నేలలో చిన్న గుంట తవ్వి, బొగ్గులేసి, తిత్తి బిగించి కూర్చునేవాడు. వీధిలో ఉన్న ఇత్తడంతా బయటికొచ్చేది. కాలిన బిందె లోపల నవాసారం చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది. ఆ పొగలోనే ఇంత తగరం ముక్క వేసి గుడ్డతో చుట్టూ తిప్పేసరికి లోపలంతా వెండిపూత పోసినట్టు అయ్యేది. ఆ పొగ ముక్కుకు మంచిది కాదని మా అమ్మ ఎంత మొత్తుకున్నా మేం దాని చుట్టూనే చేరేవాళ్ళం.

చేతులు పనిలో ఉంటే నోరు వార్తలు చెప్పేది. ఏ ఊళ్ళో ఎవరి బిడ్డ కడుపుతో ఉందో, ఎవరికి జ్వరం వచ్చి తగ్గిందో, ఎవరి అత్త మంచిదో ఎవరిది కాదో అన్నీ ఆయన దగ్గర ఉండేవి. బిడ్డల్ని దూరపు ఊళ్ళకిచ్చిన తల్లులు ఆయన కోసం కాచుకుని ఉండేవాళ్ళు. కళాయి పనికి వచ్చిన బిందెతోపాటు ఒక మూట కూడా వచ్చేది. మా సుబ్బులుకి ఈ ఊరగాయ ఇచ్చిరా, మా బుజ్జమ్మకి ఈ రవికగుడ్డ ఇచ్చిరా అని. ఇచ్చివచ్చేవాడు. పుట్టింట్లో ఆ పిల్లల్ని ఏమని పిలిచేవాళ్ళో అట్లాగే ఆయన బుర్రలో ఉండిపోయేది. అత్తారింటికి పోయాక ఆ పేరు ఇంకెవరికీ అక్కర్లేదు. అక్కడ కోడలా అంటారు, లేకపోతే వాడి పెళ్ళాం, వీడి తల్లి అంటారు.

ఎవరింట్లో నీళ్ళడిగినా తన సంచీలోంచి తన గ్లాసు తీసి పట్టుకునేవాడు. ఆడవాళ్ళు పైనుంచి పోసేవాళ్ళు. ఎందుకో అందరికీ తెలుసు. ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవాళ్ళు. ఈయన ఆ గ్లాసునే అంగడి బోర్డు చేసుకున్నాడు. ఒక వేసవిలో పాత ఇత్తడి గ్లాసు పోయి తళతళలాడే స్టీలు గ్లాసు వచ్చింది. నీళ్ళు తాగి, దాన్ని ఎండలో ఇటూ అటూ తిప్పి, పంచె కొంగుతో ఊరికే తుడిచి సంచీలో పెట్టేవాడు. అమ్ముతానని ఒక్క మాట అనడు. మూడో ఇంటికి పోయేసరికి మొదటి ఇంటామె వెనకాలే వచ్చి, ఆ గ్లాసు యాడ దొరుకుతాదని అడిగేది.

తన పనికి తనే గోరీ కట్టే వ్యాపారం ఎందుకు పెట్టావు తమ్ముడా అని మా నాయన అడిగాడు. స్టీలొస్తే కళాయి ఎవరికి కావాలి? ఆయన దువ్వెన బయటికి తీశాడు. తగరం కొనడానికి మద్రాసు పోయినప్పుడు చూశాడట. తగరం అంగడి పక్కనే స్టీలు అంగడి. "తగరం అంగట్లో నేనొక్కణ్ణే నిలబడి ఉండా అన్నా. పక్కన తిరనాళ్ళ మాదిరి జనం. ఎటూ మన ఊరికీ వస్తాది. ఇంకెవురో తెచ్చేదాని కంటే నేనే తెస్తే పోలా?" అన్నాడు.

కొట్టు ఉదయగిరిలో పెట్టలేదు, ఆత్మకూరులో పెట్టాడు. దానికీ ఒక లెక్క. ఉదయగిరిలో బస్సు దిగి ఇంటికి పోతారు, ఆత్మకూరులో బస్సు మారతారు. కలువాయి వైపు నుంచి వచ్చినవాళ్ళు, సోమశిల వైపు నుంచి వచ్చినవాళ్ళు, అనుమసముద్రంపేట దర్గాకు పోయేవాళ్ళు అందరూ అక్కడ గంటలు గంటలు పడిగాపులు కాయాలి. ఆడవాళ్ళకు కూర్చునే చోటుండదు. ఈయన కొట్టు ముందు తాటాకు పందిరి వేసి ఒక పొడుగాటి బెంచీ వేశాడు, పక్కన చల్లటి నీళ్ళ కుండ పెట్టాడు. కొనాలని లేదు, కూర్చోవచ్చు. ఒక్కటే కిటుకు, బెంచీ రోడ్డు వైపు తిరిగి ఉండదు, కొట్టు వైపు తిరిగి ఉంటుంది. బస్సు వచ్చేదాకా కంటి ఎదురుగా స్టీలే. పసిపిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్న తల్లి ఎంతసేపని చూడకుండా ఉంటుంది?

డెబ్బైల చివర్లో నాకు పెళ్ళయింది. ఆత్మకూరు నుంచి కలువాయి పోయే దారిలో ఊరు. అత్తగారు, మామగారు, మా ఆయన, ఇంటి నిండా గొడ్లు. వెళ్ళిన కొత్తలో నాకు ఏడుపు తప్ప ఇంకేం వచ్చేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం కసువు ఊడుస్తుంటే వీధిలో సైకిలు బెల్లు మోగింది. "రవణమ్మా, మీ నాయనకి దగ్గు తగ్గినాదిలే, దిగులు పడబాక" అని కేక. నేను చీపురు అక్కడే పడేసి బయటికి పరిగెత్తాను. నాయన దగ్గు తగ్గినందుకు సంతోషమే. కానీ ఆ రోజు నాకు కళ్ళనీళ్ళు వచ్చింది దానికి కాదు. ఎన్నో నెలల తర్వాత నా పేరు విన్నాను.

ఈ పేర్ల మీదే ఆయన ఒక వ్యాపారం కనిపెట్టాడు. పాత్రల మీద పేర్లు కొట్టించుకోవడం అందరికీ ఉన్న అలవాటే. కాకపోతే కొట్టించేది మగవాళ్ళ పేరు, లేదా చదివించినవాళ్ళ పేరు. ఈయన ఏం చేశాడంటే, ఎవరూ అడక్కముందే ఒక బిందె మీద ఆ ఇంటి ఇల్లాలి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి, సంచీలో పెట్టుకుని వచ్చేవాడు. వంటింటి గుమ్మం దగ్గర మెల్లిగా బయటికి తీసి, నీ పేరు కొట్టేసినా అక్కా, ఇంక వేరే వాళ్ళకి పనికి రాదు అనేవాడు. చదువు రాని ఆమె కూడా ఆ చుక్కల మీద వేలు పెట్టి తడుముకునేది. ఇంకేముంది, అటకమీద పాత ఇత్తడి కిందికి దిగేది. ఇత్తడి ఇచ్చి స్టీలు తీసుకునేవాళ్ళు. అట్లా ఎన్ని ఇళ్ళలో ఎన్ని బిందెలు దించాడో ఆయనకే తెలియాలి. గుమ్మం దగ్గర జరిగిన బేరాలు కాబట్టి మగవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు.

ఆయనకు లొంగని మనిషి ఒక్క మా అత్తగారే. ఇత్తడంటే ఆమెకు ప్రాణం. చింతపండు పెట్టి రుద్ది రుద్ది బిందెను బంగారం చేసేది. స్టీలు బిందెలో నీళ్ళకు రుచి ఉండదనేది, పైగా చేత్తో ఎత్తితే ఏమీ ఎత్తినట్టే ఉండదనేది. వచ్చిన ప్రతిసారీ ఆయన అడగడం, ఈమె పొమ్మనడం. దువ్వెన తీసి మీసం దువ్వితే, నీ మీసం నా ఇంట్లో రాల్చబాకయ్యా, బయటికి పోయి దువ్వుకో అనేది. ఆయనకు ఆమె అంటే మహా ఇష్టం. బేరం చేస్తే మీ అత్తతోనే చెయ్యాల పాపా, మిగతావాళ్ళతో చేసేది బేరమే కాదు అనేవాడు.

గుమ్మాల దగ్గర ఒక్కో బిందె అమ్ముకుంటూ ఉన్నంతకాలం బాగానే ఉంది. ఆయనకు పెద్దగా ఎదగాలనిపించింది. ఉదయగిరిలో తన వంతు ఇల్లు అమ్మేశాడు. భార్య మెడలో ఉన్నదీ చేతికి ఉన్నదీ అమ్మేశాడు. మద్రాసు నుంచి సరుకు దించాడు. మా అత్తింటి ఊరి ఆడవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని, వాళ్ళలో ఇద్దరు ముగ్గురు పెంచలమ్మలుంటే పుట్టినూరు పేరు కూడా చేర్చి, కూర్చుని కూర్చుని బిందెలన్నిటి మీదా కొట్టాడు. జట్కా ఒకటి మాట్లాడి బిందెలు ఎక్కించాడు. దాని మీద మైకుసెట్టు పెట్టించాడు. సినిమాకు మైకులో చెప్తే జనం పోతున్నారు గదా, బిందెకు మాత్రం ఎందుకు రారు అనుకున్నాడు.

ఆ రోజు నేనూ మా అత్తగారూ లోపల బియ్యం చెరుగుతున్నాం. వీధి మొదట్లో మైకు గరగరలాడింది. ఈయన గొంతే. "గండిపాలెం పెంచలమ్మక్కా, నీ పేరు కొట్టిన బిందె వచ్చినాది. పాత ఇత్తడి ఇయ్యి, కొత్త స్టీలు తీసుకపో." అదే మాట మళ్ళీ చెప్పాడు. మా అత్తగారి చేతిలో చేట ఆగిపోయింది.

"ఎవరత్తా ఆమె?" అన్నాను. నాకు నిజంగానే తెలియదు. ఆ ఇంటికి వచ్చి ఏడాది దాటింది, అప్పటిదాకా ఆమె పేరు ఎవరి నోటా వినలేదు.

"నేనే" అంది.

అంతలో మైకు ముందుకు సాగింది. ఆయన ఒక్కొక్క బిందె పైకెత్తడం, ఒక్కొక్క పేరు చెప్పడం. ఈ పేర్లు పుట్టిళ్ళలో పొద్దస్తమానం వీధికి వినపడేలా పిలిచిన పేర్లే. అందుకే ఆయనకు తప్పనిపించలేదు. కానీ అత్తింటి ఊళ్ళో పెళ్ళాం పేరు పైకి చెప్పడమంటే మగవాళ్ళకు పరువు తక్కువ. అన్ని ఊళ్ళు తిరిగి, అందరి కొంపల సంగతీ తెలిసిన మనిషికి ఇంత చిన్న విషయం ఎట్లా తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. టీ అంగడి దగ్గర కూర్చున్నవాళ్ళలో ఒకాయన మా మామగారి భుజం తట్టి, ఓహో, ఆమె పేరు పెంచలమ్మా, ఇన్నేళ్ళకి తెలిసినాదే అని నవ్వాడట. మామగారు లేచాడు. ఆయనతోపాటు మిగతావాళ్ళూ లేచారు. వాళ్ళ పెళ్ళాల పేర్లు ఇంకా రాబోతున్నాయి గదా.

బండిని అడ్డగించారు. మైకువాడు కంగారులో దాన్ని ఆపడం మరిచిపోయాడు. అందుచేత ఆ తగాదా అంతా ఊరికి మైకులోనే వినపడింది. "మా ఆడోళ్ళ పేర్లు వీధిలో పెట్టేదానికి నువ్వెవుడివిరా? బండి తిప్పు. మళ్ళీ ఈ ఊళ్ళో కనపడితే మర్యాదగా ఉండదు" అని మా మామగారి గొంతు. తప్పయిపోయినాది పెద్దాయనా అని ఈయన గొంతు. ఆ తర్వాత బిందెలు ఒకదానికొకటి తగిలి మోగుతూ బండి వెనక్కి తిరిగిన చప్పుడు. మా అత్తగారు బియ్యంలో రాళ్ళు లేకపోయినా చాలాసేపు ఏరింది.

మాట బస్సుకన్నా ముందు పోతుందేమో, వారం తిరిగేసరికి చుట్టుపక్కల ఊళ్ళల్లోనూ ఆయన్ను రానివ్వడం మానేశారు. అయితే మా ఊరి చేతిపంపు దగ్గర మాత్రం ఒక వింత జరిగింది. ఇన్నేళ్ళు ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకున్నవాళ్ళు ఒకళ్ళ పేరు ఒకళ్ళకు ఆ మైకు పుణ్యమాని తెలిసింది. మగవాళ్ళు దగ్గర లేనప్పుడు, ఏమ్మే చెంచమ్మా, కాస్త జరుగు అని ఒకామె, జరగనుపోవే ఆదెమ్మా అని ఇంకొకామె. అని పకపకా నవ్వుకునేవాళ్ళు. మా అత్తగారు నవ్వేది కాదు. ఆమెను మాత్రం ఎవరూ పెంచలమ్మా అనే ధైర్యం చేయలేదు.

తర్వాత కొన్నాళ్ళకు నేను మా నాయన్ను చూసి వస్తూ ఆత్మకూరులో దిగాను. కొట్టు ముందు బెంచీ ఖాళీగా ఉంది. లోపల ఆ బిందెలన్నీ గోడవారగా, పేర్లు గోడవైపు తిప్పి పేర్చి ఉన్నాయి. ఆయన వాటి ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి రా పాపా అన్నాడంతే. మద్రాసు లేదు, సినిమావాళ్ళు లేరు. ఆ నోరు అట్లా మూతపడి ఉండటం నేను చూడలేకపోయాను.

ఆయన భార్య లోపలి నుంచి వచ్చి సంగతంతా చెప్పింది. నెల్లూరు పెద్ద అంగడివాళ్ళు సరుకంతా తీసుకుంటామన్నారట. కానీ పేర్లుంటే వద్దట. అరగదీసి, సాన పట్టి, పేర్లు పోగొట్టి ఇస్తే వచ్చిన ధరకు తీసుకుంటారట. సాన పట్టేవాడు శుక్రవారం వస్తానన్నాడు. ఈయన వాణ్ణి ఇప్పటికే రెండుసార్లు వెనక్కి పంపాడు. "ఇంక పంపితే మేం రోడ్డు మీద నిలబడాల బిడ్డా, నువ్వన్నా చెప్పు" అంది ఆమె.

నేనేం చెప్తాను? మళ్ళీ కళాయి పెట్టుకోకూడదా చిన్నాయనా అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఇత్తడి యాడుండాది పాపా? ఊరూరా ఇత్తడి నేనే గదా ఎత్తుకొచ్చినా" అన్నాడు. "అరగదీస్తే పోతాదిలే, చుక్కలే గదా. కానీ ఒక్కో పేరు కొట్టేటప్పుడు ఆ పిల్ల వాళ్ళమ్మ ఇంటి ముందర ఆడుకునేది కంటికి కనపడతా ఉండె. దాన్ని అరగదీసేదానికి చెయ్యి రాలేదు. అదే నా దరిద్రం. ఇంక ఈ నోటితో ఆడోళ్ళ పేరు చెప్పను."

ఇంటికి వచ్చి మా అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పాను, శుక్రవారం సంగతితో సహా. ఆమె విని, పాలు పొంగుతాయి చూడు అంది. నాకు కోపం వచ్చింది. ఈమెకు రాయి గుండె అనుకున్నాను.

గురువారం పొద్దున్నే లేపి తలంటుకోమంది. దర్గాకు పోతున్నాం అంది. పిల్లల కోసం అనుమసముద్రంపేట దర్గాకు మొక్కుకోవడం మా వైపు కొత్తేం కాదు కాబట్టి మామగారు సరే అన్నాడు. బయల్దేరేటప్పుడు మాత్రం ఆమె చంకలో గోనెసంచీ చూసి, దర్గాకు అంత పెద్ద మూటేంది అన్నాడు. మొక్కుబడి అంది ఆమె. గోనెసంచీలో గుండ్రంగా ఉన్నదేమిటో నాకు తెలుసు. అటకమీద నుంచి దించేటప్పుడు చప్పుడు కాకుండా పట్టుకున్నది నేనే.

ఆత్మకూరులో బస్సు దిగి నేరుగా కొట్టుకు పోయింది. ఆయన స్టూలు మీదనే ఉన్నాడు. మా అత్తగారిని చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు, కానీ తల ఎత్తలేదు. పెద్దాయన గొడవకు మళ్ళీ మనిషిని పంపించాడనుకున్నాడో ఏమో. మా అత్తగారు సంచీ విప్పి ఇత్తడి బిందె ఆయన ముందు పెట్టింది.

"నా బిందె ఇయ్యి" అంది.

ఆయన గోడవైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. ఏ బిందో ఆయనకు తెలియక కాదు. "నేను పేరు చెప్పి చెడినానక్కా" అన్నాడు. "నువ్వే చెప్పు. ఏ పేరుది?"

మా అత్తగారు చుట్టూ చూసింది. బెంచీ మీద సోమశిల బస్సు కోసం ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. రోడ్డు మీద మగవాళ్ళు పోతున్నారు. ఆమె గొంతు సవరించుకుంది. ఆ గొంతుకు ఊరంతా హడలేది. ఆ రోజు మాత్రం ఒక మాట బయటికి రావడానికి ఎంతో సేపు పట్టింది.

"గండిపాలెం పెంచలమ్మది" అంది.

చిన్నపిల్ల చెప్పినట్టు చెప్పింది. నాకు దుఃఖం ఆగలేదు. ఆయన గోడ దగ్గరికి పోయి, వెతకకుండానే చెయ్యి పెట్టి ఆ బిందె తీశాడు. తెచ్చి ఆమె చేతికి ఇవ్వబోతూ ఆగిపోయాడు.

"పెద్దాయన ఏమంటాడక్కా?"

"ఏమంటాడు? దప్పికైతే నీళ్ళు తాగుతాడు" అంది మా అత్తగారు.

ఆయన నవ్వలేదు. బిందె ఆమె చేతిలో పెట్టాడు. లోపలికి తిరిగి, సాన పట్టేవాడికి నక్కో, వద్దని చెప్పమని భార్యకు గట్టిగా చెప్పాడు. ఆమె లోపలే కూర్చుని ఏడ్చింది, బయటికి వినపడింది. మేం దర్గాకు కూడా పోయాం. మా అత్తగారు ఆ బిందెను చంకనే పెట్టుకుని తిరిగింది. బస్సులో కండక్టరు పేరు చదివి, పెంచలమ్మా టికెట్ తీసుకో అంటే, తీసుకుంటాలే నాయనా అంది.

ఊళ్ళో దిగేటప్పటికి ఇంకా ఎండ ఉంది. గోనెసంచీ నా చేతికిచ్చి, బిందె మీద పేరు బయటికి కనపడేలా చంకన పెట్టుకుని టీ అంగడి ముందు నుంచే నడిచింది. మామగారు చూశాడు, పక్కనున్నవాళ్ళూ చూశారు. ఇంటికొచ్చి దాన్ని చింతపండుతో తోమి, పంపు నీళ్ళు పట్టుకొచ్చి, వంటింట్లో నీళ్ళ బిందె ఉండే చోటునే పెట్టింది. ఆ తర్వాత మా ఊరి ఆడవాళ్ళకు ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. ప్రతి గురువారం ఎవరో ఒకరు దర్గాకు బయల్దేరడం, చంకలో గోనెసంచీ. కొట్టులో గోడవారగా ఉన్న వరుస తగ్గిపోతూ వచ్చింది. పక్క ఊళ్ళ వాళ్ళూ మొదలుపెట్టారు. పేరు కొట్టిన బిందె లేనివాళ్ళు కొత్తగా కొట్టించుకున్నారు, నాతో సహా. బెంచీ మీద చోటు చాలక ఆయన ఇంకో బెంచీ వేశాడు. కొన్నేళ్ళకు పక్క గది కూడా తీసుకున్నాడు. మైకు జోలికి మాత్రం పోలేదు. పేరు ఎవరిది వాళ్ళే వచ్చి చెప్పాలి, చెప్తేనే బిందె. అదే ఆ అంగడి పద్ధతి అయిపోయింది.

మేం బిందె తెచ్చిన రోజు సాయంత్రం మా మామగారు ఇంటికొచ్చి చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాడు. తర్వాత లోపలికి వచ్చి, బిందె ముందు వంగి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని చూస్తూ ఉన్నాను. మా అత్తగారు కూర తరుగుతోంది, తల ఎత్తలేదు.

"ఆ గండిపాలెం బిందెలో కాసిని నీళ్ళియ్యి" అన్నాడాయన.

ఇచ్చింది. తాగాడు. గ్లాసు కింద పెట్టి గొడ్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

తర్వాత మా నాయన దగ్గరికి పోతున్నప్పుడు చిన్నాయన కొట్టు దగ్గర ఆగి ఈ సంగతి చెప్పాను. ఆ మాటన్నా అన్నాడు గానీ చిన్నాయనా, ఆమె పేరు మాత్రం నోటికి రాలేదు, పుట్టినూరు పేరుతో సరిపెట్టాడని మామగారి మీద నా అక్కసు వెళ్ళబోసుకున్నాను. ఆయన కడుపుబ్బా నవ్వాడు. ఆ మైకు రోజు తర్వాత ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు. కళ్ళు తుడుచుకుని అన్నాడు.

"సగం వచ్చినాది గదా పాపా, చాలు. మిగతా సగం బిందె మీద ఉండాది. నీళ్ళు తాగినప్పుడల్లా చదువుకుంటాడులే."

అని బెంచీ మీద కూర్చున్న వాళ్ళ వైపు తిరిగాడు.